నాలుగంగుళాల స్వెటర్

స్వెటర్ పూర్తి చెయ్యడం అనాగరికం!

ఈ మాట తొందరపడి అనడం లేదు. పోయిన చలికాలం నుంచీ తీరిగ్గా, వణుకుతూ ఆలోచించి అంటున్నాను. ఆదిమానవుడికి చలేసింది. ఎదురుగా కనబడ్డ తోలు లాగి చుట్టుకున్నాడు. కొలతలు చూశాడా? ఉతికి ఆరేసి చూశాడా? లేదు. అందుకే వాడు ఆదిమానవుడిగానే మిగిలిపోయాడు. నాగరికుడు అలా కాదు. ముందు మచ్చు చూస్తాడు. అది కుదరకపోతే ఇంకో మచ్చు చూస్తాడు. ఈలోగా ఎండాకాలం వచ్చేస్తుంది. సమస్య దానంతటదే తీరిపోతుంది!

అల్లికతో పరిచయం లేని అమాయకుల కోసం కాస్త వివరిస్తాను. ఊలుతో స్వెటర్ అల్లాలంటే నేరుగా స్వెటర్ మొదలుపెట్టకూడదట. అదే ఊలుతో, అవే సూదులతో ముందు అరచెయ్యంత ముక్క అల్లాలి. దాన్ని ఉతకాలి, ఆరబెట్టాలి. అప్పుడు స్కేలు పెట్టి, నాలుగంగుళాల్లో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టాలి. ప్యాటర్న్‌లో ఇరవై అని ఉంటే ఇరవయ్యే పడాలి. అంతకన్నా ఎక్కువ పడితే అల్లిక బిగుసుకుందని అర్థం. ఆ లెక్కన అల్లిన స్వెటర్లో నా తల దూరుతుంది గానీ నేను దూరను. తక్కువ పడితే వదులైందని అర్థం. అందులో నేనూ మా బావమరిదీ కలిసి కాపురం పెట్టొచ్చు. ఈ ముక్కనే ఇంగ్లీషులో స్వాచ్ అంటారు. మా ఇంట్లో మచ్చు అంటాం. నేను మనసులో ఇంకో మాట అంటాను. అది పత్రికలో అచ్చు వెయ్యరు.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్నారు పెద్దలు. పట్టి చూశాక అన్నం వడ్డించి తీరాలని మాత్రం ఎక్కడా అనలేదు! మా ఆవిడ పెద్దల మాట జవదాటే మనిషి కాదు.

పైగా ఆవిడ ఉద్యోగం కూడా అలాంటిదే. కాంక్రీట్ పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఎక్కడైనా భవనం కడుతుంటే, అక్కడ పోసే కాంక్రీట్‌లోంచే కాస్త తీసి దిమ్మలు పోసి ఆ ల్యాబ్‌కి పంపుతారు. ఆవిడ ఒక్కో దిమ్మని మెషిన్లో పెట్టి, అది ఎంత బరువుకి పగులుతుందో చూసి, కాగితం మీద సంతకం పెడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దిమ్మలు పగలగొట్టి ఇంటికొచ్చే మనిషితో వాదన పెట్టుకునే ధైర్యం మీకుందా? నాకు లేదు.

"శాంపిల్ పాస్ కాకుండా పని మొదలెట్టకూడదండీ" అంది మొదటిరోజే, సూదులు చేతిలోకి తీసుకుంటూ.

నాకు ఇష్టమని ముదురాకుపచ్చ ఊలు తెచ్చింది. నేను ఉత్సాహం పట్టలేక ఆ సాయంత్రమే కొట్టుకెళ్ళి గుండీలు కొనుక్కొచ్చాను. కొయ్య గుండీలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, పగలబడి నవ్వాడు. ఆ గుండీలు ఇప్పటికీ నా సొరుగులోనే ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చొక్కా మీద పెట్టి చూసుకుంటూ ఉంటాను.

సరే, మచ్చుల వల్ల మానవాళికి కలిగే మేలు చూద్దాం. మా ఇంట్లో టీ కప్పు కింద మచ్చు ఉంది. వేడి గిన్నె కింద మచ్చు ఉంది. కుర్చీ కాళ్ళు నాలుగింటికీ నాలుగు మచ్చులు తొడిగి ఉన్నాయి. నేల మీద గీత పడదు, కుర్చీ జరిపినా చప్పుడు కాదు. టీవీ రిమోట్‌కి జేబున్న మచ్చు కుట్టింది. అలారం గడియారానికి కప్పిన మచ్చు ఎంత దళసరిదంటే అది మోగుతున్నట్టు గడియారానికి తప్ప ఎవరికీ తెలియదు. కుండీలోని మొక్కకి మెడపట్టీ ఉంది. ఫ్రిజ్ హ్యాండిల్‌కి స్వెటర్ ఉంది. ఫ్రిజ్‌కి చలేమిటండీ!

మొత్తం మీద మా ఇంట్లో ప్రాణం లేని ప్రతి వస్తువూ వెచ్చగా ఉంది. వణుకుతున్నది నేనొక్కణ్ణే. అయినా బాధపడను. మార్గదర్శకులు ఎప్పుడూ కష్టాలు పడ్డవాళ్ళే.

లోకం కూడా ఈ మార్గంలోనే నడుస్తోంది కదా! మా వీధి చివర కొత్త రోడ్డు పది అడుగులు వేసి, రిబ్బన్ కత్తిరించి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. అద్దంలా ఉంది. పిల్లలు అక్కడికి వెళ్ళి సైకిలు తొక్కి, మళ్ళీ గుంతల్లోంచి ఇంటికొస్తున్నారు. ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్‌లో శాంపిల్ ఫ్లాట్ చూశారా? సోఫా, కర్టెన్లు, గిన్నెలో ప్లాస్టిక్ పళ్ళు! పై అంతస్తులు మాత్రం ఇంకా ఆకాశంలోనే ఉన్నాయి. ఫోన్లో ఏ యాప్ చూసినా ఫ్రీ ట్రయల్. ఈ కాలమ్ కూడా అంతే. "మచ్చుకి ఓ నాలుగు వారాలు రాయండి, చూద్దాం" అన్నారు ఎడిటర్ గారు. నా జుట్టు నెరిసింది గానీ ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఇక ఊలు మీద మా ఇంట్లో జరిగిన పరిశోధనలు చెబితే శాస్త్రవేత్తలు సిగ్గుపడతారు. కుట్లు కుదరకపోవడానికి ఊలే కారణమని మా ఆవిడకి అనుమానం వచ్చింది. ఊలు కొట్టావిడ ఆ అనుమానానికి నీళ్ళు పోసి పెంచింది. "నూలు కలిసింది వాడి చూడండి మేడమ్, ఇది వదులవ్వదు" అని ఒకటి, "ఇది కుందేలు బొచ్చంత మెత్తన" అని ఒకటి. అన్నీ వచ్చాయి. అన్నిటికీ మచ్చులయ్యాయి. ఒకదాన్ని వేడినీళ్ళలో ఉతికితే అరచెయ్యంతది అగ్గిపెట్టంత అయింది. ఇంకోదాని రంగు నా బనీన్లకి ఎక్కింది. ఇప్పుడు చొక్కా లోపల నేను గులాబీ రంగులో ఉంటాను.

అసలు ఊలో కాదో తేల్చడానికి పోగు కాల్చి చూసే పద్ధతి కూడా ఉందట. నిజమైన ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదైపోతుంది. ప్లాస్టిక్ కలిస్తే కరిగి పూసలా గట్టిపడుతుంది. ఆ సంగతి నాకు ముందు చెప్పలేదు. పేపరు చదువుకుంటుంటే వంటింట్లోంచి వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. ముందు నా తల తడుముకున్నాను. తర్వాత పరిగెత్తాను. చూస్తే మా ఆవిడ స్టవ్ ముందు నిలబడి చిన్నపిల్లలా గెంతుతోంది.

"అసలు ఊలేనండీ! వాసన చూడండి, వాసన చూడండి!"

చూశాను. అంత కంపుని అంత ఆనందంగా పీల్చడం నా జీవితంలో అదే మొదటిసారి. చివరికి తిరిగి తిరిగి మళ్ళీ మొదటి ముదురాకుపచ్చకే వచ్చాం. నేను ఊలు కొట్టు ముందునుంచి వెళ్తే ఆ కొట్టావిడ పలకరిస్తుంది.

"అన్నయ్యగారూ, స్వెటర్ అయిపోయిందా?"

"అయిందమ్మా. ఫ్రిజ్‌కి."

ఇక్కడ నా గురించి ఒక చిన్న విషయం చెప్పాలి. పెద్ద ముఖ్యమైనదేమీ కాదు. నాకు రాసిన ప్రతి వాక్యమూ పైకి చదివే అలవాటుంది. చదివి "ఎలా ఉంది?" అని అడుగుతాను. ఒక మాట మారిస్తే మళ్ళీ మొదటినుంచి చదువుతాను. రచన అన్నాక చెవికి ఇంపుగా ఉండాలి కదా! సాయంత్రాలు నేను టేబుల్ దగ్గర రాస్తుంటే మా ఆవిడ ఎదురు కుర్చీలో అల్లుతూ వింటుంది. ఇంతటి అనుకూల దాంపత్యం ఎందరికి దొరుకుతుంది చెప్పండి?

సరే, అసలు విషయానికి వస్తాను. ఒకరోజు ఊరికే కూర్చుని పాత మచ్చులు ముందేసుకుని నేనే కుట్లు లెక్కపెట్టాను. మీరు నమ్మరు, మహత్తరమైన సత్యం ఒకటి కనిపెట్టాను. అదే ఊలు, అవే సూదులు, అదే మనిషి. అయినా ఒకదాంట్లో ఇరవై రెండు, ఒకదాంట్లో ఇరవై నాలుగు, ఒకదాంట్లో ఇరవై ఆరు! మనిషి మనసు బిగుసుకుంటే చేతులు బిగుసుకుంటాయి. చేతులు బిగుసుకుంటే కుట్లు బిగుసుకుంటాయి. అంటే మచ్చు అనేది స్వెటర్ కొలత కాదు, ఇంటి వాతావరణ సూచన!

అప్పటినుంచి నా జీవితమే మారిపోయింది. ఇరవై రెండైతే ఆకాశం మేఘావృతం. ఇరవై నాలుగైతే అక్కడక్కడ ఉరుములు. ఇరవై ఆరైతే తీరప్రాంత ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలిపోవాలి. మా ఇంట్లో తీరప్రాంతం అంటే సోఫా. ఈ సేవ బంధువులకి కూడా అందించాను. బావమరిది రోజూ బయల్దేరే ముందు ఫోన్ చేసేవాడు.

"బావా, ఇవాళ అక్క కుట్లెన్ని?"

"ఇరవై అయిదు."

"అయితే రేపొస్తాలే."

కానీ శాస్త్రజ్ఞుడన్నవాడు కారణం వెతకాలి. వెతికాను. ల్యాబ్‌లో మెషిన్ మొరాయించిన రోజు ఇరవై రెండు దాటలేదు. మేనేజరు అరిచిన రోజూ అంతే. మరి ఇరవై ఆరు పడ్డది ఎప్పుడు? ఆదివారం! ల్యాబ్ లేదు, చుట్టాలు రాలేదు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను పెద్ద వ్యాసం రాస్తూ, అది సరిగ్గా కుదరక, మొదటినుంచి మళ్ళీ మళ్ళీ చదివి వినిపిస్తున్నాను. అంత ప్రశాంతమైన రోజున అంత బిగువు ఎందుకొచ్చిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

భార్య మనసు తేలికపరచడం భర్త ధర్మం. టీ పెట్టిచ్చాను. ఆ తర్వాత వంటింటి అవతారం ఆవిడ చూశాక ఇరవై అయిదు పడ్డాయి. "బ్రహ్మాండంగా అల్లుతున్నావు" అని పక్కనే కూర్చుని మెచ్చుకున్నాను. ఇరవై నాలుగు. ఇక లాభం లేదని, నవ్వితే మనసు వదులవుతుందని, నా పాత వ్యాసాల్లో మేలైనవి తీసి గొంతు మార్చి మార్చి చదివాను. ఇరవై ఏడు! కొత్త రికార్డు!

లావు సూదులు వాడితే సరిపోతుంది కదా అంటారు తెలిసినవాళ్ళు. అదీ అయింది. ఊలు కొట్టావిడ లావు సూదులిచ్చింది. ఖర్మ కాలి ఆ సాయంత్రమే నాకు గొంతు పట్టేసింది, మాట పెగల్లేదు. పదిహేడు పడ్డాయి! "ఈ సూదులు మరీ వదులండీ" అని మా ఆవిడ వాటిని పక్కన పడేసింది. నేను సైగలతోనే ఒప్పుకున్నాను.

ఇంతలో వ్యంగ్య రచయితల సదస్సుకి రమ్మని పిలుపొచ్చింది. వెళ్ళాను. అక్కడ ప్రతివాడూ తన రచన పైకి చదివేవాడే. వినేవాడు ఒక్కడూ లేడు. ఎంత అమర్యాద! పైగా హాల్లో చలి. అందరూ స్వెటర్లలో ఉన్నారు. నేనొక్కణ్ణి గులాబీ బనీను మీద చొక్కాతో, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఎదురైంది. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూసి అనుకున్నాను. కాదు, చేతిలో మచ్చుంది.

"కుదిరిందండీ! ఇరవై!"

స్కేలు పెట్టి చూశాను. అడ్డంగా ఇరవై. కింద చూసినా ఇరవై, పైన చూసినా ఇరవై. అంచులు తీర్చి గీసినట్టున్నాయి. ఊలు ఉండలో ఉన్నప్పటి మెత్తదనం అలాగే ఉంది. బుగ్గకి ఆనించుకున్నాను.

"కొత్త సూదులా?"

"అవేనండీ."

"ఊలు మార్చావా?"

"అదే."

"మరి ఏం మారింది?"

ఆవిడ నా వైపు చూసింది. గుమ్మం బయట ఇంకా నేను లోపలికి తేని నా సంచీ వైపు చూసింది.

"ఏమోనండీ. కాస్త గాలి మారినట్టుంది" అంది.

ఆ సాయంత్రమే శుభమా అని స్వెటర్ మొదలైంది. నా స్వెటర్! సొరుగులోంచి గుండీలు తీసి టేబుల్ మీద వరసగా పెట్టాను. ఈ చారిత్రక సందర్భాన్ని పురస్కరించుకుని ఎదురుగా కూర్చుని ఈ వ్యాసం మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఘనంగా వచ్చింది. పైకి చదివాను. "ఎలా ఉంది?" అన్నాను. మార్చి మళ్ళీ చదివాను. ఆవిడ అల్లుతూనే ఉంది. కాసేపటికి సూదులు ఆగాయి. స్కేలు తీసింది, లెక్కపెట్టింది. పోగు పట్టుకుని లాగింది. వరసలన్నీ సరసరా విడిపోయాయి. కళ్ళముందే నా నడుము మాయమైపోయింది.

"ఎన్ని?" అన్నాను.

"ఇరవై అయిదు. ఏవండీ, ఓ మాటంటాను, ఏమీ అనుకోరుగా?"

"అను."

"కాసేపు అలా బయట కూర్చుని రాసుకోకూడదూ?"

అందుకే పాఠకులారా, ఈ వ్యాసం మా మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. చలి చంపేస్తోంది. లోపల్నుంచి సూదుల చప్పుడు హాయిగా, తాళం తప్పకుండా వినిపిస్తోంది. నా పరిస్థితి కాస్త ఆలోచించండి. నా స్వెటర్ పూర్తవ్వాలంటే నేను బయట ఉండాలి. నేను బయట ఉండాలంటే నాకు స్వెటర్ ఉండాలి! ఏ తర్కశాస్త్రంలోనైనా దీనికి సమాధానం ఉందా?

బావమరిది మెట్లెక్కుతూ ఆగాడు. వాడి ఒంటి మీద జాకెట్ ఉంది.

"ఏం బావా, నిన్ను కూడా ఉతికి ఆరేసిందా?"

"వ్యాసం రాసుకుంటున్నాను. విను, మొదటి వాక్యం..."

"అమ్మో, రేపొస్తాలే" అని వాడు ఎక్కిన మెట్లు దిగడం మొదలెట్టాడు. నాలుగు మెట్లు దిగాక వెనక్కి తిరిగి, "చెప్పకూడదనుకున్నా గానీ బావా, నువ్వు మనసులో చదువుకుని ఉంటే ఈ పాటికి నీకు స్వెటర్ ఏమిటి, నాక్కూడా ఒకటి అయ్యుండేది" అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నా నోరు మంచిదే కదా! వాడిది అసూయ అని తేల్చుకున్నాను. తేల్చుకున్నాను గానీ, ఎందుకో ఆదివారం నాటి ఇరవై ఆరు గుర్తొచ్చింది. గొంతు పట్టేసిన నాటి పదిహేడు గుర్తొచ్చింది. చలి ఒక్కసారిగా ఎక్కువైంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా! కాసేపంటే ఇంతసేపా? మీరు గడ్డకట్టుకుపోతే స్వెటర్ ఎవరికి తొడగను? రండి లోపలికి."

"నేనొస్తే కుట్లు..."

"ఓ పని చేద్దాం. మీ కుర్చీలో మీరు కూర్చుని రాసుకోండి. పైకి చదవకండి. ముందు మచ్చు చూద్దాం. కుదిరితే రోజూ అలాగే."

నన్ను! పేరుమోసిన కాలమిస్టుని! నాలుగంగుళాల ముక్కలా మచ్చు చూస్తుందట! అభిమానం దెబ్బతింది. కానీ గది వెచ్చగా ఉంది. కూర్చున్నాను. పెదవులు బిగించాను. ఒక వాక్యం రాశాను. గొంతులో దురద పుట్టింది. మింగాను.

కాసేపు సూదుల చప్పుడొక్కటే. తర్వాత ఒక విచిత్రం జరిగింది. మా ఆవిడ మాట్లాడింది!

"మా ల్యాబ్‌కి ఒక కాంట్రాక్టర్ దిమ్మలొస్తాయండీ. ఎప్పుడూ ఫస్ట్‌క్లాస్. మెషినే మూలుగుతుంది గానీ దిమ్మ పగలదు. కట్టిన గోడలేమో సైకిలు ఆనిస్తే రాలతాయి. ఇదేం మాయ అని సైట్‌కి వెళ్ళి చూశాను. దిమ్మలు పొయ్యడానికి విడిగా ఒక మేస్త్రీని పెట్టుకున్నాడు! మంచి సిమెంటంతా ఆయనకే. ఆయనకి వేరే పనే లేదు. ఆ మేస్త్రీ ఏం చేశాడో తెలుసా? ల్యాబ్‌కి పంపగా మిగిలిన దిమ్మలన్నీ పట్టుకెళ్ళి తనింటికి ప్రహరీ కట్టుకున్నాడు. మొన్న గాలివానకి ఆ వీధి వీధంతా గోడలు పడిపోయాయి. నిలబడ్డది ఆ శాంపిల్ గోడొక్కటే!"

నాకు నవ్వాగలేదు. చప్పుడు చేస్తే కుట్లు పోతాయేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. ఆవిడ కూడా నవ్వుతోంది, చేతులు ఆపకుండానే. మచ్చుల గురించి ఇంత రాశాను, ఇంత మంచి ముక్క నాకు ఒక్కటీ తట్టలేదు. "ఇదెప్పుడు జరిగింది, నాకు చెప్పలేదేం?" అని అడగబోయి ఆగిపోయాను. ఎప్పుడు చెబుతుంది పాపం! ఇంట్లో ఖాళీ ఉంటే కదా!

ఆవిడ స్కేలు పెట్టింది. నేను పెన్ను ఆపాను.

"ఇరవై!" అంది.

ఇప్పుడు నా స్వెటర్ వీపు భాగం చంకల దాకా వచ్చింది. ఈ ఆఖరి పేరాలు ఎదురు కుర్చీలో కూర్చుని, పెదవి కదపకుండా రాస్తున్నాను. స్వెటర్ పూర్తి చెయ్యడం అనాగరికమని పైన ఒక వాక్యం ఉంది. కొట్టేద్దామనుకున్నాను. పెన్ను గీరిన చప్పుడుకి ఆవిడ తలెత్తి చూసింది. అలాగే ఉండనిచ్చాను.

వ్యాసం అయిపోయింది. మొదటి వాక్యం తప్ప ఒక్కటి కూడా చెవితో వినలేదు. ప్రాణం కొట్టుకుంటోంది. మీరైనా చెప్పండి, ఎలా ఉంది?

కాస్త మెల్లగా చెప్పండి. స్వెటర్‌కి రెండు చేతులూ ఇంకా అల్లాలి.